ఇరవయ్యారు ఇళ్ల వాటా

కారేపల్లి

ఉదయం ఏడూ పదికి కారేపల్లి స్టేషన్‌లో ముంజలమ్మే ఆమె మా పెట్టెలోకి ఎక్కింది. గంప నా పాదాల దగ్గర దించి, "జరంత కాళ్లు ముడుసుకో అమ్మా" అంది. ముడుచుకున్నాను. నా ఒళ్లో ఒక కవరుంది. ఎక్కడా తడవకూడదని దాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, పైన కొంగు కప్పాను.

"ఏందది, గంత భద్రంగ పట్టుకున్నవ్? పట్టా కాయితాలా?"

"ఫొటోలు."

"పెండ్లివా?"

"కాదు. కణుజువి."

ఆమె నన్ను ఒకసారి, కవరును ఒకసారి చూసింది. "కణుజుకేం పని ఫొటోతోని? దానికి రేషన్ కార్డుందా?" అని పక్క సీటు వాళ్లతో కలిసి నవ్వింది. నేనూ నవ్వాలనుకున్నాను. ముంజలు డజను పది రూపాయలు. ఖమ్మంలో పదిహేను. డజను కొని ఆరు తిన్నాను, మిగిలినవి ఎదుటి సీటు ముసలాయనకు ఇచ్చాను.

నా తమ్ముడు దేవదానం కొత్తగూడెం బొగ్గు గనుల్లో సర్వేయరు. దాదాపు ముప్పై ఏళ్లు భూమి లోపల కొలతలు తీశాడు. సెలవు దొరికితే పాల్వంచ దాటి అడవిలోకి వెళ్లేవాడు. మొదట్లో ఫొటోల కోసం వెళ్లాడు, తర్వాత ఎక్కువగా ఉచ్చులు తీయడానికే వెళ్లాడు. స్కూటరు క్లచ్చి తీగతో జంతువుల దారిలో పన్నే ఉచ్చులవి. వాటిని గోనెసంచిలో నింపి తెచ్చి క్వార్టరు వెనక పోసేవాడు. ఏ వాగు ఏ వారంలో ఎండిందో, ఏ చెట్టు మీద రాబందు గూడు పెట్టిందో నోటు పుస్తకాల్లో రాసుకునేవాడు. "అడవిని తవ్వే జీతంతోనే అడవిని కాపాడుతున్నా అక్కా" అనేవాడు. అతిశయంగా కాదు, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా అనేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఈ ప్రయాణానికి ముందటి దసరాకు జ్వరంతో దవాఖానాలో చేరి ఆరో రోజున పోయాడు. మాకు అమ్మానాన్నలు లేరు. నేను ఖమ్మంలో లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను.

క్వార్టరు ఖాళీ చేస్తుంటే అలమారలో ఈ కవరు దొరికింది. అందులో ఒకే ఫొటో ఇరవయ్యారు ప్రతులున్నాయి. మోకాళ్ల లోతు నీళ్లలో పక్కకు తిరిగి నిలబడిన కణుజు, దుప్పి కన్నా పెద్ద జాతి జింక. ల్యాబువాళ్లు పొరపాటున ఎక్కువ వేసి ఉంటారనుకున్నాను. జ్ఞాపకార్థ కూడిక నాడు చర్చికి వచ్చిన చుట్టాలకూ, గనిలో అతని తోటివాళ్లకూ వాటిలో పదమూడు పంచాను. దేవదానం గుర్తుగా ఉంచుకోండి అన్నాను. అందరూ కళ్లకు అద్దుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక కోయ పెద్దమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు ముత్తయ్య. అడవిలో ఇరవై ఏళ్లు తమ్ముడికి దారి చూపినవాడు. తమ్ముడి ఫొటో ముందు కాసేపు నిలబడి, మంచినీళ్లు తాగి, అడిగాడు.

"అక్కా, మా వాటా ఏది?"

కొత్తగూడెం

ఖాదర్ భాయ్ ల్యాబు బస్టాండు వెనక సందులో ఉంది. సగం గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జి కూపన్లు అమ్ముతున్నాడు. ఫిల్ము రోలు కడిగించేవాళ్లు వారానికి ఇద్దరు వస్తే ఎక్కువట. "మిషను అమ్ముదామంటే కొనేటోడు లేడు మేడం, ఇనుప సామానోడు తప్ప" అన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను వచ్చిన పని ఒక్కటే, ఆ కణుజు ఫొటో ఇంకో పన్నెండు వేయించడం. తమ్ముడి పెట్టెలన్నీ వెతికినా దాని నెగెటివ్ దొరకలేదు. నేను పంచినవాటి కోసం ముగ్గురి ఇళ్లకు వెళ్లాను. ఒకరు తిరిగి ఇచ్చారు. ఒకరు ఏసు ప్రభువు క్యాలెండరు పక్కన ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. చూసి, ఏమీ అడగకుండా కాఫీ తాగి వచ్చేశాను. మూడోవాళ్లకు ఎక్కడ పెట్టారో గుర్తు లేదు. అలా నా దగ్గర పద్నాలుగు తేలాయి.

"నెగెటివ్ ఉండదు మేడం" అన్నాడు ఖాదర్ భాయ్. "పండుగ ఫొటోది ఎన్నడూ ఉండదు. ప్రింట్లు అయినంక ఇగో, ఈ కుర్చీలనే కూసొని కత్తెర తీసుకొని ముక్కలు ముక్కలు చేసేటోడు. నేను నెత్తి కొట్టుకునేటోన్ని. దేవదానం, గా చిరుతపులిది ఒక్కటన్న ఉంచు, ఢిల్లీకి పంపు, ప్రైజ్ వస్తదంటే ఇనలే."

"ఎందుకని అడగలేదా?"

"అడిగిన. సచ్చిన జంతువు మళ్ల నడుస్తదా ఖాదర్ అన్నడు. నాకు సమజ్ కాలే."

నాకు అర్థమైంది. ముత్తయ్య ఫిబ్రవరిలోనే చెప్పాడు.

వాళ్ల ఊళ్లో విత్తనాలకు ముందు భూమి పండుగ చేస్తారు. మగవాళ్లు వేటకు పోతారు. తెచ్చిన వేటను ఇంటికొక వాటా చొప్పున సమానంగా పంచుతారు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి నవ్వుతారు. ఎనిమిదేళ్ల కిందట తమ్ముడు వేటగాళ్ల వెంట వెళ్లాడు. ఆ రోజు ఎవరికీ ఏమీ దొరకలేదు. తిరిగొచ్చాక తప్పంతా ఈ పట్నపాయనదే, వాసనకు జంతువులు పారిపోయాయన్నారు. పేడనీళ్లన్నీ అతని మీదే పోశారు. కెమెరా పాడైంది, లోపలి రోలు మాత్రం బతికింది. దసరా దాటి వాగులు తగ్గాక అందులోని దుప్పి ఫొటోను ఇంటికొకటి చొప్పున వేయించి తీసుకెళ్లాడు. ఎగతాళికి కాదు. మాంసం పంచడం చూశాడు కాబట్టి, ఫొటో తెస్తే అందరికీ తేవాలనుకున్నాడు.

ఊరు మూడు రోజులు మాట్లాడుకుంది. చివరికి ఇది కూడా వేటేనని ఒప్పుకుంది. ఏటా సారు వేట ఇది. ఇది ఇంటింటికీ వస్తే పండుగ వేటలో దుప్పి, కణుజు, కొండగొర్రె జోలికి ఎవరూ పోరు. ఒక షరతు పెట్టారు. పంచిన తర్వాత అదే బొమ్మ మళ్లీ ఎక్కడా కనబడకూడదు. ఒక వేటను రెండుసార్లు పంచడం ఉండదు. తమ్ముడు దానికి తలూపాడు. ఊరికీ తమ్ముడికీ మధ్య ఆ మాటకు హామీగా నిలబడింది ముత్తయ్య.

"సారు వాటా రాలే" అన్నాడు ముత్తయ్య మా వరండాలో. "వాటా ఎగ్గొట్టినోడు వేటగాడెట్లయితడని అంటుండ్రు. సారు లేడాయె, ఆయన్నేమంటరు? నన్నంటుండ్రు. పెద్దల్ల కూసోనిస్తలేరక్కా. పండుగ లోపట వాటా రాకుంటే మాట పోయినట్టే. ఎనకటి లెక్కనే వేటకు పోతరు."

అందులో పదమూడు పంచేశానని ఆ రోజు ముత్తయ్యకు చెప్పలేకపోయాను. తెస్తానన్నాను.

రోడ్డు మీద తాడు

మర్నాడు భద్రాచలం బస్సెక్కాను. పాల్వంచ దాటాక ఒక మలుపులో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడ్డారు. ఇరవై మంది ఉంటారు. చేతులు చేతులు పట్టుకుని వాళ్ల భాషలో పాడుతున్నారు. పండుగ రోజుల్లో మగవాళ్లు అడవిలో ఉంటే ఆడవాళ్లు ఇలా బళ్లు ఆపి డబ్బులు అడుగుతారు. డ్రైవరు హారను కొట్టాడు. తాడు ఇంకొంచెం పైకి లేచింది.

"పొద్దట్నుంచి ఇది నాలుగో తాడు! నా జీతం మీకే పోతుందా?" అన్నాడు.

ముందున్న ఆమె తెలుగులోకి మారింది. "జీతమొద్దు బావా, చిల్లర చాలు. లేకుంటే దిగు, మాతోని ఆడు. పైసలు మాఫీ."

బస్సంతా నవ్వింది. కండక్టరు పది రూపాయలు తీసిచ్చాడు. "గింత పెద్ద బస్సుకు పదేనా? స్కూటరోడు ఇచ్చిండు పది" అని ఇంకో పది రాబట్టింది. మా చర్చిలో కోతపండుగకు గుమ్మడికాయలూ కోళ్లూ తెచ్చి వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడు గుమ్మడికాయ పట్టుకెళ్తాడు, చర్చికి డబ్బు వస్తుంది, అందరూ మర్యాదగా చప్పట్లు కొడతారు. అడగడంలో ఇంత సరదా ఉంటుందని నాకు తెలియదు.

నేను దిగాల్సిన చోటు అక్కడికి రెండు మైళ్లు. ఊరి పేరు రాయను. తమ్ముడు తన ఫొటోల వెనక ఎన్నడూ ఊరి పేరు రాయలేదు. అడవి దారిలో నడిచేటప్పుడు ఎడమ చెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకుని గంటన్నర నడిచాను. ఎండ బాగా ఉంది. దారి పొడవునా తునికాకు కోసిన మోళ్లు. ఒక్కచోటే రెండు నెమళ్లు కనిపించాయి. తమ్ముడి చేతి రాతలో ఈ దారిలో కనిపించేవాటి జాబితా రెండు పేజీలుంది.

వాటాలు

ముత్తయ్య ఊరి మొదట్లోనే కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ కూర్చున్నాడట. నా చేతిలో కవరు చూసి లేచాడు. "జల్దీ రా అక్కా, పెద్దలు కూసున్నరు" అన్నాడు. అప్పుడు చెప్పాను.

"ముత్తన్నా, ఇరవయ్యారు లేవు. పద్నాలుగే ఉన్నాయి. నాకు తెలియక పంచాను."

"ఎవలికి?"

"మా వాళ్లకు. తమ్ముడి గుర్తుగా."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కణుజు పెద్దదేనా?" అని అడిగాడు. పెద్దదేనన్నాను. "అయితే రా" అన్నాడు.

ముందు వాళ్లింట్లో తినమన్నారు. జొన్న సంకటి, చింతచిగురు వేసిన పప్పు, ఎండు చేపలు. ముత్తయ్య భార్య భద్రమ్మ వడ్డించింది. సన్నటి మనిషి, నోరు పెద్దది. "పట్నంల గింతే తింటరా? గిట్ల తినే మీ తమ్ముడు పోయిండు" అని మళ్లీ వేసింది. ఆ మాటకు నేను ఏడవాలో తినాలో తెలియక తిన్నాను.

చింతచెట్టు కింద పదిహేను మందిదాకా కూర్చున్నారు. ఊరి పెద్ద పటేలుకు నలభై అయిదేళ్లుంటాయి, చొక్కా జేబులో పెన్ను ఉంది. ముత్తయ్య వాళ్లతో కలిసి కూర్చోలేదు, బయట నిలబడ్డాడు. నేను ఫొటోలు తీసి చాప మీద పరిచాను. పద్నాలుగు కణుజులు ఒకే వైపు చూస్తున్నాయి. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"వేట మాది. మాకంటె ముందు మీ చుట్టాలు తిన్నరు" అన్నాడు పటేలు. కోపంగా అనలేదు. విషయం అదేనని అన్నాడు.

"అవును" అన్నాను.

"మళ్ల చేపిస్తే?"

"చేయించడానికి లేదు. మీ మాట ప్రకారం నెగెటివ్ కత్తిరించేశాడు."

అందరూ ముత్తయ్య వైపు చూశారు. ఆ మాటను తమ్ముడు చివరిదాకా నిలబెట్టుకున్నాడో లేదో ఎవరూ ఎన్నడూ చూడలేదు. అతను చెప్పాడు, వీళ్లు నమ్మారు, అంతే. పటేలు పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పద్నాలుగు ఇళ్లకు ఇచ్చి పన్నెండు ఇళ్లను వదిలేయడం కుదరదని ఒకాయన అన్నాడు. అసలు ఎవరికీ వద్దు, అడవిలో పారేద్దామని ఇంకొకాయన అన్నాడు. ముత్తయ్య మొహం చూడలేకపోయాను.

వెనక ఆడవాళ్లలోంచి భద్రమ్మ ముందుకొచ్చింది. "ఏంది మీ పంచాయితీ? కూర తక్కువొస్తే ఏం చేస్తం? సన్నగ కోస్తం. ఇదేమన్న దేవుని పటమా?" అంటూ కూర కోసే కత్తిపీట తెచ్చి చాప పక్కన వేసింది. దాని ముందు కూర్చుని మొదటి ఫొటో తీసుకుంది. నా వైపు ఒకసారి చూసింది. వద్దంటే ఆగేదే. నేను వద్దనలేదు. కణుజు నడుము దగ్గర ఫొటో రెండయింది. ఒక ముక్కలో తల, ముందుకాళ్లు. ఇంకో ముక్కలో తోక, వెనక కాళ్లు, నీళ్లు.

పద్నాలుగూ అలాగే కోసింది. పటేలు ఒక్కో ఇంటి పేరూ పిలిచాడు. మొదట తలలు అయిపోయాయి. ఆ తర్వాత గొడవ మొదలైంది.

"మాకు తోకనా? పోయినసారి పందిల గూడ మాకు ఎనక కాలే వచ్చె!"

"ఎనకనే కూర ఉంటది, సప్పుడు చేయకుండ తీసుకో."

"మీ అత్తకు చెప్పు ఆ మాట!"

అందరూ నవ్వారు. ముత్తయ్యకు కూడా వెనక ముక్కే వచ్చింది. దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. పటేలు జరిగి, చాప మీద పక్కన చోటు చూపించాడు. ముత్తయ్య వెళ్లి కూర్చున్నాడు. ఎన్నో నెలల తర్వాత.

చివరకు రెండు వెనక ముక్కలు మిగిలాయి. అవి నాకిచ్చారు.

వేట

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ముత్తయ్య కూడా అనుకున్నాడు. కాని పటేలు గొంతు సవరించుకున్నాడు.

"పోయినేటి వాటా వచ్చింది. ముత్తయ్య మీద మాట లేదు. ఇగ ఈ యేడు ఫొటో ఎవలు తీస్తరు?"

ముత్తయ్య నావైపు తిరిగాడు.

"కెమెరా తెచ్చినవా అక్కా?"

"లేదు. నాకు రాదు."

"నేర్సుకుంటే వస్తది."

"నాకు అరవై ఏళ్లు ముత్తన్నా. గంటన్నర నడవడానికే చెప్పు తెగింది."

ఒకతను తన కొత్త సెల్‌ఫోన్ చూపించి, ఇందులోనూ ఫొటో వస్తుందన్నాడు. "దాన్ని ఇరవయ్యారు ఇండ్లకు ఎట్ల కోయాల్నో చెప్పు" అంది భద్రమ్మ. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. పటేలు నాతో చాలా మర్యాదగా అన్నాడు. "అమ్మా, మేం మాట తప్పుతలేం. మాట సారుతోని. వేటగాడు లేకుంటే ఆయన వేట యాడ ఉంటది? మాది మేం చేసుకోవాలె. విత్తనాలెయ్యాలె."

నేను ఎదురు చెప్పాల్సింది. తమ్ముడైతే చెప్పేవాడు. చట్టం గురించి కాదు, కిందటేడు ఆ వాగు దగ్గర ఎన్ని కణుజులు ఉండేవో, ఇప్పుడెన్ని ఉన్నాయో చెప్పేవాడు. నాకు ఆ లెక్కలు తెలియవు. అతను చెబుతుంటే చాలాసార్లు నేను పుస్తకం చదువుకుంటూ ఊకొట్టాను.

మర్నాడు తెల్లవారి మగవాళ్లు విల్లులు, గొడ్డళ్లు తీసుకుని వెళ్లారు. ముత్తయ్య కూడా వెళ్లాడు. ఆడవాళ్లు పేడనీళ్లు కలిపి కుండల్లో పోసి ఊరి మొదట్లో పెట్టారు. పగలంతా పాడుతూ, పేలు చూసుకుంటూ, వచ్చే ఏడు ఎవరికి పెళ్లవుతుందో పందేలు వేసుకుంటూ కూర్చున్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగారు. తమ్ముడు కూడా చేసుకోలేదంటే, "మీ ఇండ్ల ఎవలికీ సాతకాలేదా?" అన్నారు.

నాలుగు దాటాక కేకలు వినిపించాయి. కర్రకు కాళ్లు కట్టి మోసుకొస్తున్నారు. దుప్పి. చిన్న వయసుది, కొమ్ముల మీద ఇంకా మెత్తటి తోలు ఉంది. ఆడవాళ్లు లేచి ఎదురెళ్లారు. వాళ్లు నవ్వుతున్నారు, పాడుతున్నారు. అందులో క్రూరత్వం ఏమీ నాకు కనిపించలేదు. కనిపించి ఉంటే తేలిగ్గా ఉండేది.

అందరూ వచ్చారు, ముత్తయ్య తప్ప. అరగంట తర్వాత అతను ఒక్కడే ఇంకో దారిలో వచ్చాడు. బాణాలన్నీ అలాగే ఉన్నాయి. గుంపుతో వచ్చినవాళ్లకు వేట దొరికినట్టే లెక్క. ఒంటరిగా, ఖాళీ చేతులతో వచ్చినవాడికి మినహాయింపు లేదు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దమనిషి, నిన్ననే పెద్దల్లో కూర్చున్నవాడు.

"ఏం ముసలోడా, బాణం ఇరిగిందా, కండ్లు పోయినయా?" అంది భద్రమ్మ.

"రెండూ బాగనే ఉన్నయి."

"మరి?"

"నేను నిలవడ్డ మాట నాది. పొయ్యి."

భద్రమ్మ కుండ ఎత్తింది. సగం పోసి ఆగింది. మిగతాది నా చేతికిచ్చింది. "నువ్వు పొయ్యక్కా. మొదటేడు మీ తమ్మునికి మేమే పోసినం. బాకీ తీరాలె." కుండ అందుకున్నాను. ముత్తయ్య తల వంచి నిలబడ్డాడు. పోశాను. పేడనీళ్లు వెచ్చగా ఉన్నాయి, నా చీర మీద కూడా పడ్డాయి. ఆడవాళ్లు పెద్దగా నవ్వారు. ముత్తయ్య కూడా నవ్వాడు, మొహం తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు.

దుప్పిని ఇరవయ్యేడు వాటాలు వేశారు. నాకొకటి ఆకులో చుట్టి ఇచ్చారు. "సారుది. ఎనిమిదేండ్లు ముట్టలే" అన్నాడు పటేలు. నేను దాన్ని భద్రమ్మ కుండలో వేశాను. వండాక వాళ్లతో కూర్చుని తిన్నాను. ముత్తయ్య తినలేదు. ఎవరూ బలవంతం చేయలేదు.

తిరిగి వచ్చాక

మర్నాడు ముత్తయ్య నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు. తెగిన చెప్పును దారిలో తీగతో కట్టిచ్చాడు. ఏ తీగ అని చూశాను. ఉచ్చు తీగే, వస్తూ వస్తూ దారి పక్కన పొదలోంచి తీసిందే. బస్సు వచ్చాక, "సారు పుస్తకాలు పారెయ్యకు" అన్నాడు. పారేయనన్నాను. వాటిని ఏం చేయాలో నాకింకా తెలియదు. పదకొండు నోటు పుస్తకాలు. అడవుల ఆఫీసులో చూపిస్తే, చేతి రాతవి తమకు పనికిరావని చెప్పారు.

ఏడాది గడిచి ఈ ఏటి పండుగ కూడా అయిపోయింది. భద్రాచలం వచ్చిపోయేవాళ్ల చేత ముత్తయ్య కబురు పంపాడు. ఊరివాళ్లు రెండు దుప్పులను తెచ్చారట. తాను ఈసారి కూడా ఖాళీ చేతులతోనే వచ్చాడట, నీళ్లు పోశారట. వానలు బాగున్నాయి, విత్తనాలు వేశారు.

ఇప్పుడు ఆ ఊళ్లో పండుగ ఫొటోలు పంచడం లేదు.